చిలుకపిల్లను ఎప్పుడు ఇంటికి తేవాలి?

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి జవాబు ఆలస్యం చేయకూడదనిపించింది. అది రాసిన పాప ఆరవ తరగతి చదువుతున్నది. వాళ్ళ ఊళ్ళో పక్షులను పెంచి అమ్మే ఒకాయన దగ్గర కాకటీల్ జంట నాలుగు పిల్లలను చేసినదట. అందులో ఒకదాన్ని పుట్టినరోజుకు కొనిపెడతానని నాన్నగారు మాట ఇచ్చారట. పుట్టినరోజు నాటికి చిలుకపిల్లకు సరిగ్గా నాలుగు వారాలు నిండుతాయి. "అప్పుడే తెచ్చుకుంటే నా చేత్తో నేనే తినిపిస్తాను. నన్నే అమ్మ అనుకుంటుంది గదా! పెద్దదైతే మాలిమి కాదని అందరూ అంటున్నారు, నిజమేనా?" అని అడిగింది.

నిజం కాదమ్మా. ఎందుకు కాదో చెబుతాను. అందరూ వినండి, ఎందుకంటే ఈ పొరపాటు పెద్దవాళ్ళే ఎక్కువగా చేస్తున్నారు. నేనూ చేశాను.

ముందుగా ఒక మాట. మన తోటలలో జామకాయలు కొరికే పచ్చని రామచిలుకను గురించి కాదు నేను చెప్పబోయేది. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాకటీల్ సంగతి వేరు. దాని సొంత దేశం ఆస్ట్రేలియా. బూడిదరంగు ఒళ్ళు, నెత్తిన తురాయి, చెంపల మీద నారింజరంగు బొట్లు. ఎన్నో తరాలుగా మనుషుల చేతుల్లోనే పుట్టి పెరుగుతున్న పక్షి అది. మనవాళ్ళు "లవ్ బర్డ్స్" అని పిలిచే చిన్న బడ్జరిగార్లు కూడా అంతే.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళ క్రితం మా అక్కయ్య కొడుకు కాకటీల్ పిల్ల కావాలని మారాం చేశాడు. నేను వాణ్ణి వెంటబెట్టుకుని అమ్మే చోటికి వెళ్ళాను. అతను అట్టపెట్టెలోంచి ఒక పిల్లను తీసి చూపించాడు. ఈకలు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు, ఒంటినిండా ముళ్ళు మొలిచినట్టున్నది. "నాలుగు వారాల పిల్ల. ఇప్పుడు తీసుకుపోతేనే మీ మాట వింటుంది," అన్నాడతను. ఒక సిరంజీ, పొడి పొట్లమూ చేతిలో పెట్టి, "నీళ్ళలో కలిపి జావలా పట్టండి, అంతే," అన్నాడు.

మొదటిరోజు బాగానే గడిచింది. పిల్ల మెడ చాచి, తల ఆడిస్తూ, కీచుమని అరుస్తూ జావ తాగింది. మావాడి సంతోషం చూడాలి! రెండోనాడు దాని రొమ్ముపైన ఒక తిత్తి ఉబ్బి కనబడింది. "కడుపు నిండింది మామయ్యా," అన్నాడు వాడు. నిజమే కాబోలనుకున్నాను. సాయంత్రమైనా ఆ తిత్తి తగ్గలేదు. మేము మళ్ళీ పట్టాము. డిసెంబరు నెల, రాత్రి చలిగా ఉన్నది. మూడోనాటి ఉదయానికి అది అట్టపెట్టె మూలన చల్లబడి ఉన్నది.

పశువుల డాక్టరుగారు చెబితేగాని మేము చేసినదేమిటో నాకు తెలియలేదు. ఆయన చెప్పినదే మీకు చెబుతున్నాను.

మేత తిన్న కోడిపిల్ల మెడ కింద ఒక ఉబ్బు కనిపిస్తుంది, చూశారా? అదే ఆ తిత్తి. పక్షి మింగినది ముందు అక్కడ నిలవ ఉండి, కొంచెం కొంచెంగా కడుపులోకి దిగుతుంది. ఒళ్ళు వెచ్చగా ఉంటేనే ఆ తిత్తి సరిగా పనిచేస్తుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు గదా, పక్షుల ఒంటి వేడి 41 డిగ్రీల దరిదాపున ఉంటుంది. ఈకలు రాని పిల్ల ఆ వేడిని సొంతంగా నిలుపుకోలేదు. గూటిలో దాన్ని తల్లీ తండ్రీ కప్పుకుంటారు, తోడబుట్టినవి ఒరుసుకుని పడుకుంటాయి. మా అట్టపెట్టెలో ఎవరున్నారు? చలికి తిత్తి కదలడం మానేసింది. లోపలి జావ పులిసిపోయింది. పులిసినదాని మీద మేము ఇంకా పోశాము!

జావ వేడి మాట మరొకటి. అది దాదాపు 40 డిగ్రీలుండాలి. చల్లారితే అరగదు. 43 దాటితే తిత్తి గోడ లోపల కాలిపోతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా ఎంత తక్కువో చూడండి! వేలు ముంచి చూస్తే రెండూ మనకు గోరువెచ్చగానే ఉంటాయి. పైగా పక్షికి గాలిగొట్టం నాలుక వెనకనే తెరుచుకుంటుంది. సిరంజిని ఒక్కసారి గట్టిగా నొక్కితే చాలు, జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకు కూడా ఇది జాగ్రత్త పని. పుట్టినరోజు కానుకగా ఇవ్వదగిన పని కాదు.

అమ్మేవాళ్ళు చిన్నపిల్లల్నే ఇస్తామని ఎందుకు అంటారు? పిల్లకు జావ పట్టడానికి రోజుకు నాలుగైదుసార్లు లేవాలి. ఆ చాకిరీ కొన్నవాళ్ళ నెత్తిన వేస్తే వాళ్ళకు తెరిపి. అందరూ అటువంటివాళ్ళని నేననను. మంచివాళ్ళు, "తిండి తనంతట తాను తినేదాకా ఇవ్వను," అని మొహానే చెబుతారు. ఆ మాట విసుగ్గా చెప్పినా సరే, అటువంటివాళ్ళ దగ్గరే కొనండి.

మరి మాలిమి సంగతో? దానికి ఒక కథ ఉన్నది, కల్పన కాదు, జరిగినదే. అమెరికాలో ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త చిలుకల తెలివిని పరీక్షించాలనుకున్నది. 1977లో షికాగోలో పక్షులమ్మే ఒక కొట్టుకు వెళ్ళి ఆఫ్రికా గ్రే జాతి చిలుకను కొన్నది. తెలివైనదాన్ని ఏరి తెచ్చుకున్నదని రేపు ఎవరూ అనకుండా, ఏదో ఒకటి నువ్వే పట్టి ఇవ్వమని కొట్టులోవాణ్ణే అడిగింది. ఆ చిలుకకు అలెక్స్ అని పేరు పెట్టింది. అలెక్స్‌కు అప్పటికి ఎంత వయసనుకున్నారు? సుమారు ఒక ఏడాది! ఆమె దానికి చిన్నప్పుడు సిరంజితో ఏమీ పట్టలేదు. అయినా అది నూరుకు పైగా మాటలు నేర్చింది. రంగులు, ఆకారాలు చెప్పేది, ఆరుదాకా లెక్కపెట్టేది. 2007లో చనిపోయేదాకా ఆమెతో కలిసి పనిచేసింది. దానికి స్నేహం కుదిరింది రోజూ మాట్లాడడం వల్ల, ఓపికగా ఆడించడం వల్ల. మీ కాకటీల్‌కూ అంతే. పది వారాల వయసున్న పిల్ల, భయపెట్టకుండా రోజూ దగ్గర కూర్చుని ఒక్కొక్క గింజా అందిస్తే, కొద్ది వారాలలో చేతిమీదికి ఎక్కుతుంది.

పైగా తల్లిదండ్రుల దగ్గర ఆ నాలుగో వారానికీ పదో వారానికీ మధ్య పిల్ల ఊరికే కూర్చోదు. దాని చదువంతా అప్పుడే. కాకటీళ్ళలో గుడ్లు పొదగడం కూడా ఇద్దరి పనే, పగలు తండ్రి, రాత్రి తల్లి. సుమారు ఇరవై రోజులకు పిల్ల బయటికి వస్తుంది. నాలుగైదు వారాలకు గూటిపెట్టెలోంచి బయటికి వచ్చి రెక్కలు కొట్టడం మొదలుపెడుతుంది. ఎగరబోయే ముందు కాస్త చిక్కుతుంది కూడా. అది జబ్బు కాదు, ఒళ్ళు తేలికపడడం. మొదట గోడకు కొట్టుకుంటుంది, అడ్డకర్ర మీద వాలబోయి జారిపడుతుంది, నాలుగురోజులలో తిరగడం, దిగడం నేర్చుకుంటుంది. ఈ చదువు పూర్తికాకముందే రెక్క ఈకలు కత్తిరిస్తే, అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడే పక్షి తయారవుతుంది. ఎగురుతూనే గింజ ఒలవడం నేర్చుకుంటుంది. అందుకు ఇంకా కొన్ని వారాలు. అన్నాళ్ళూ తండ్రి వెంటపడి నోరు తెరుస్తూనే ఉంటుంది, మీలో కొందరు గోరుముద్దల కోసం అమ్మ వెంటపడినట్టు!

వయసు లెక్కన చెప్పమంటే, బడ్జరిగారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు, కాకటీల్ ఎనిమిది నుంచి పది వారాలకు, ఆఫ్రికా గ్రే మూడు నాలుగు నెలలకు సిద్ధపడతాయి. పెద్ద మకావ్‌లకు ఇంకా ఎక్కువ పడుతుంది. (గ్రే, మకావ్ వంటి జాతులను ఇంట్లో ఉంచుకుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఈ సంగతి నాన్నగారికి చెప్పండి.) కాని కాలెండరును నమ్ముకోకండి. కాకటీల్ రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది గనక ఒకే గూటిలోని పెద్దపిల్లకూ చిన్నపిల్లకూ వారం రోజుల తేడా ఉండవచ్చు. సిద్ధపడినదా లేదా అన్నది పిల్లనే అడగాలి.

ఎలా అడగడం? పొద్దున్నే, గింజలు వేసే వేళకు వెళ్ళండి. కొర్రకంకి ఒకటి పంజరంలో కట్టమనండి. చిలుకపిల్లలు గింజలతో ఆడుకుంటాయి, నోట పెట్టుకుని పడేస్తాయి. చూసినవాళ్ళు తింటున్నదనుకుంటారు. మీరు కింద చూడండి. ఉత్త పొట్టు రాలితే తిన్నట్టు, గింజకు గింజ రాలితే ఆడినట్టు. తరువాత తిత్తిని వేలితో మెల్లగా తాకి చూపమనండి, లోపల గింజలు గరగరలాడాలి. సాయంత్రం చీకటి పడేముందు మళ్ళీ ఒకసారి వెళ్ళగలిగితే మరీ మంచిది. రాత్రి గడవడానికి తిత్తి నింపుకుని పడుకోవడం తెలిసినదా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది. జావ పట్టడం మానేసి కనీసం రెండు వారాలయిందా, ఆ రెండు వారాలూ బరువు నిలిచి ఉన్నదా అని అడగండి. మంచి పెంపకందారు బరువులు రాసిన పుస్తకమే తీసి చూపిస్తాడు.

పిల్ల సిద్ధపడినా మీ ఇల్లు సిద్ధపడిందా అన్నది మరో ప్రశ్న. పరీక్షల ముందు తేవద్దు. దీపావళికి ముందువారం అసలే వద్దు, ఆ మోతకు కొత్తచోట గుండె ఆగినంత పని అవుతుంది. మే నెల మధ్యాహ్నం బస్సులో తేవద్దు. సంక్రాంతికి తాతగారి ఊరు వెళ్ళేవాళ్ళయితే వచ్చాకనే తెచ్చుకోండి. సెలవులు మొదలయ్యే రోజు బాగుంటుంది, ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు గనక. ఎగిరే పిల్ల గనక ముందుగా పైన తిరిగే ఫ్యాను సంగతి చూడండి. పంజరం తలుపు తీస్తే ఫ్యాను ఆపాలి, ఇది ఇంటిల్లిపాదికీ నేర్పండి. అంటుకోని పూత ఉన్న పెనం మాడితే వచ్చే ఆవిరి కూడా పక్షులను నిమిషాలలో చంపుతుంది. పంజరం వంటింటికి దూరంగా ఉండాలి.

పెద్దలకు ఒక్క మాట. కాకటీల్ పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. ఈ పాప కాలేజీకి వెళ్ళిపోయినాక గింజలు వేసేది మీరే!

ఇప్పుడు నీ పుట్టినరోజు సంగతి, తల్లీ. ఆ రోజు నాన్నగారితో వెళ్ళి నీకు నచ్చిన పిల్లను చూపించు. కొంత డబ్బు బయానా ఇచ్చి, కాలికి రంగుదారం వద్దుగాని, ఉంగరం వేయగలరేమో అడుగు, లేకపోతే ఏ మచ్చో గుర్తుపెట్టుకో. తరువాత ఆరు ఆదివారాలు వెళ్ళి పంజరం దగ్గర కాసేపు కూర్చో. ఏమీ చెయ్యక్కరలేదు, మాట్లాడు చాలు, నీ గొంతు దానికి తెలుస్తుంది. ఒక్క నియమం, ఏ చిలుకపిల్లకూ నువ్వు జావ పట్టవద్దు.

తెచ్చే రోజున అది అక్కడ తింటున్న గింజలనే ఒక డబ్బాడు అడిగి తెచ్చుకో. కొత్త తిండి తరువాత నెమ్మదిగా అలవాటు చేయవచ్చు. మొదటి రెండు మూడు రోజులు అది బెంగపెట్టుకుని మళ్ళీ పసిపిల్లలా నోరు తెరిచి అరవవచ్చు. అప్పుడు కొర్రకంకి, నానబెట్టి మొలకెత్తించిన పెసలు దగ్గరగా పెట్టు. రెట్ట ఎన్నిసార్లు వేసినదో చూస్తూ ఉండు, తగ్గిపోయినదంటే తినడం లేదన్నమాట. రోజూ పొద్దున వంటింటి తక్కెడలో తూచు. ఎదిగిన కాకటీల్ సుమారు 80 నుంచి 100 గ్రాములుంటుంది. మొదటిరోజు బరువులో పదోవంతు తగ్గిందంటే అదేరోజు డాక్టరుకు చూపించి, అమ్మినాయనకు కూడా కబురు చెయ్యాలి, రేపటిదాకా ఆగకూడదు.

దానికి పేరేమి పెట్టావో, మొదటి ఆదివారం ఎంత తూగినదో నాకు రాయి.