దగ్గరికెళితేనే ఫోటో

బస్తర్ సంతల్లో పాత రేంజ్‌ఫైండర్ కెమెరా ఇప్పటికీ పనికొచ్చే వస్తువే. కొనేముందు ఏం చూడాలో, కొన్నాక దాన్ని ఎక్కడ బయటికి తీయాలో తెలిసుంటే చాలు.

జగదల్‌పూర్ నుంచి చిత్రకోట్ జలపాతానికి వెళ్లే పర్యాటకులు శుక్రవారమైతే లోహండిగుడాలో బండి ఆపుతారు. ఆ రోజు అక్కడ సంత. ఇప్పపువ్వు, చింతపండు, ఆకు దొన్నెలో ఎర్ర చీమల పచ్చడి, కోడిపుంజులు, సల్ఫీ కల్లు అన్నీ ఒకేచోట. బండి దిగీ దిగకముందే సంచుల్లోంచి మూరెడు పొడవు జూమ్ లెన్సులు బయటికొస్తాయి. నలభై అడుగుల దూరంలో నిలబడి, ముఖం మాత్రం నిండుగా వచ్చేలా పది ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. అమ్ముకునేందుకు వచ్చిన మనిషికి తన ఫోటో తీశారన్న సంగతే తెలియదు. తెలిసినావిడ కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

రేంజ్‌ఫైండర్ కెమెరాతో ఈ పని కుదరదు. దాని లోపమూ అదే, గుణమూ అదే. ఈ రకం కెమెరాలకు నప్పేవి 35, 50 మి.మీ. లెన్సులు. వాటితో ఒక మనిషి ముఖం నిండుగా రావాలంటే బాగా దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లాక పలకరించక తప్పదు.

అసలు సంగతేమిటంటే, దీని యంత్రాంగం మన రెండు కళ్ల లాంటిదే. బొటనవేలు ముందు పెట్టి ఒక్కో కన్నూ మార్చి మార్చి మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటుంది. వేలు ఎంత దగ్గరుంటే అంత ఎక్కువగా జరుగుతుంది. కెమెరా ముందువైపున్న రెండు కిటికీల్లోంచి వచ్చే బొమ్మలు వ్యూఫైండర్ మధ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతూ ఉంటే రెండో బొమ్మ జరుగుతుంది. రెండూ కలిసిపోయిన చోట ఫోకస్ కుదిరినట్టు. ఎస్సెల్లార్ మాదిరిగా లోపల అద్దం లేచి పడే పని లేదు కాబట్టి చప్పుడు తక్కువ, అదురు తక్కువ. సెకనులో ముప్పయ్యో వంతు వేగంతో చేత్తో పట్టుకుని తీసినా బొమ్మ నిలుస్తుంది. 75 రోజులపాటు సాగే బస్తర్ దసరాలో రాత్రివేళ రథం లాగే ఘట్టాన్ని ఫ్లాష్ లేకుండా తీయాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

1925లో మార్కెట్లోకి వచ్చిన లైకాకు 1932లో వచ్చిన రెండో మోడల్‌తో ఈ యంత్రం లోపలే అమరింది. అదే ఏడాది జైస్ కంపెనీ కాంటాక్స్ వచ్చింది. 1954 నాటి లైకా ఎం3 దీనికి పరాకాష్ఠ. ఆంరీ కార్తియే బ్రెసో 1947-48లో మన దేశమంతా తిరిగింది లైకాతోనే. 1948 జనవరి 30న హత్యకు కొద్ది గంటల ముందు గాంధీని కలిసిన ఫోటోగ్రాఫర్ ఆయన. తర్వాత నికాన్ ఎఫ్ లాంటి ఎస్సెల్లార్లు వచ్చి, 1960లలో పత్రికల వాళ్లంతా అటు మళ్లారు. పొడవాటి లెన్సులు కావాల్సిన ఆటలకు, అడవి జంతువులకు అవే సరైనవి. కాంగేర్ లోయలో కొండమైనాను తీయాలనుకునేవారు ఇక్కడితో ఈ వ్యాసం చదవడం ఆపేయొచ్చు.

ఏది కొనాలి?

లైకా ఎం3 బాగున్నది దొరికితే బాడీ ఒక్కటే లక్ష రూపాయలకు అటూఇటూగా పలుకుతుంది. లెన్సు వేరు. దానిలో పదో వంతు ఖర్చుతో అదే రుచి చూపేవి సోవియట్ కెమెరాలు. ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్‌లో అనాథ పిల్లల కోసం పెట్టిన కమ్యూన్‌లో 1934 నుంచి తయారైన ఫెడ్, 1948 నుంచి క్రాస్నోగోర్స్క్‌లో తయారైన జోర్కీ రెండూ లైకాకు నకళ్లుగా మొదలైనవే. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి తరలించిన యంత్రాలతో కీవ్‌లో చేసినవి కాంటాక్స్ నకళ్లు. జోర్కీ-4, దానికి జుపిటర్-8 లెన్సు ఉంటే మొదటి కెమెరాగా సరిపోతుంది.

మూడో దారి లెన్సు ఊడని జపాన్ కెమెరాలు. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 లెన్సు చక్కనిది. కానీ బ్యాటరీ అయిపోతే షట్టర్‌కు ఒకే వేగం మిగులుతుంది. నారాయణపూర్ దాటి లోపలికి వెళ్లాక ఆ బ్యాటరీ ఏ కొట్లోనూ దొరకదు. 1972 నాటి కేనన్ కేనోనెట్ జి-3 అయితే బ్యాటరీ లేకపోయినా షట్టర్ అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది. వీటిలో చాలా వాటికి కావాల్సిన పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. కేనోనెట్ లాంటి వాటిలో వినికిడి యంత్రాలకు వాడే 675 నంబరు జింక్ బ్యాటరీ పెట్టి సర్దుకోవచ్చు.

ముంబయి చోర్ బజార్‌లోనైనా, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనైనా, ఇంటర్నెట్ వేలంలోనైనా ఒక జాగ్రత్త తప్పనిసరి. బంగారు పూత, జర్మన్ సైన్యం ముద్రతో తళతళలాడే 'అరుదైన లైకా' చవగ్గా వస్తోందంటే అది వేషం మార్చిన ఫెడ్ లేదా జోర్కీ అయ్యుంటుంది. లెన్సు విప్పి లోపల పైభాగం చూడండి. లెన్సు కదలికను అందుకునే మీట చివర గుండ్రటి చిన్న చక్రం ఉంటే లైకా. చీలిక ఆకారంలో మొండిగా ఉంటే రష్యా సరుకు. కొనవచ్చు, కానీ రష్యా ధరకే.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి నాలుగు. మొదటిది షట్టర్ గుడ్డ. ఈ కెమెరాల్లో లెన్సుకూ షట్టర్‌కూ మధ్య అద్దం ఉండదు. దాంతో ఎండలో ఫోకస్ అనంతంలో పెట్టి సూర్యుడికేసి వదిలేస్తే భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు గుడ్డకు చిల్లు పడుతుంది. వెనక మూత తీసి, లెన్సు విప్పి, బల్బుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొన చిల్లులు కూడా చుక్కల్లా కనిపిస్తాయి. రెండోది రేంజ్‌ఫైండర్ సరి. దూరంగా ఉన్న సెల్ టవర్‌ను చూస్తూ లెన్సును అనంతానికి తిప్పితే రెండు బొమ్మలూ కచ్చితంగా కలవాలి. రెండో బొమ్మ మసకబారి ఉంటే లోపలి అద్దం పోయినట్టే. మూడోది లెన్సులో బూజు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తాయి. అంచున కొద్దిగా ఉంటే బేరమాడండి. మధ్యలో ఉంటే వదిలేయండి. నాలుగోది నిదానపు వేగాలు. ఒక సెకను అని పెడితే ఒక సెకనే పట్టాలి. మధ్యలో ఆగి గొణిగితే లోపల జిడ్డు ఎండిపోయినట్టు. అది బాగయ్యేదే, ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

జోర్కీలు, ఫెడ్‌లు కొన్నవారు మరిచిపోకూడని సూత్రం ఒకటుంది. రీలు తిప్పి షట్టర్ బిగించాకే వేగం మార్చాలి. ముందే మారిస్తే లోపలి పళ్లచక్రం దెబ్బతింటుంది. పాత లైకాలు, తొలి ఫెడ్‌లలో వెనక మూత తెరుచుకోదు. రీలు కింది నుంచి దూర్చాలి. అందుకోసం రీలు మొదట్లో నాలుగు అంగుళాల మేర కత్తెరతో సన్నగా కోసుకోవాలి. సోవియట్ లెన్సు లైకా మర మీద సరిగ్గా ఎక్కుతుంది కానీ దగ్గరి దూరాల్లో ఫోకస్ కాస్త తేడా వస్తుంది. రష్యా లెన్సును రష్యా బాడీకే ఉంచడం మేలు.

ఏవి అవసరం, ఏవి అలంకారం?

తోలు సంచీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వానాకాలంలో తడి పీల్చుకుని బూజుకు పుట్టిల్లవుతుంది. బస్తర్ లాంటి చోట గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో నీలం సిలికా జెల్ పొట్లం మంచిది. రంగు గులాబీకి తిరిగితే పెనం మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. పాత లెన్సులకు పూత పలచన కాబట్టి హుడ్ తప్పనిసరి. నలుపు తెలుపు ఫిలింకు పసుపు ఫిల్టర్ ఒకటి ఉంటే చిత్రకోట్ మీద మబ్బులు తేలతాయి. మీటర్ లేదని బెంగ వద్దు. ఐఎస్ఓ 400 ఫిలింతో ఎండలో ఎఫ్/16, సెకనులో 500వ వంతు. చెట్టు నీడలోకి రాగానే ఎఫ్/5.6 లేదా ఎఫ్/4. సంతలో చెట్టు కింద కూర్చున్న నల్లని ముఖానికి వెలుగు లెక్క వేయాలి తప్ప వెనక మెరిసే మైదానానికి కాదు. నెగెటివ్ ఫిలిం ఒక స్టాపు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు.

అసలు ఉపకరణం లెన్సు మీద చెక్కిన దూరాల పట్టీ. 35 మి.మీ. లెన్సును ఎఫ్/8 వద్ద 3 మీటర్లకు పెడితే సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 50 మి.మీ. లెన్సుతో అదే అమరికలో 2.3 నుంచి 4.2 మీటర్ల దాకే. సంతలో కెమెరాను కంటికి ఎత్తాక ఫోకస్ వెతుక్కోనక్కరలేకుండా 35 మి.మీ. ఈ వెసులుబాటునిస్తుంది. మూత తీశామో లేదో చూసుకోవడం మీ బాధ్యతే. లెన్సుకు మూత ఉన్నా వ్యూఫైండర్‌లో లోకమంతా చక్కగానే కనిపిస్తుంది.

ఖర్చు మాట దాచుకోనక్కరలేదు. కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటడం మామూలే. అంటే 36 ఫోటోల్లో ఒక్కోదానికి 28 రూపాయల పైమాటే. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ చేసిన 'ఇందు' ఫిలిం చవగ్గా దొరికేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. నలుపు తెలుపు అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. కావాల్సింది 20 డిగ్రీల నీళ్లు. బస్తర్ ఎండాకాలంలో కొళాయి నీళ్లు కాగి వస్తాయి కాబట్టి మట్టికుండలో ముందురోజు పోసి ఉంచిన నీళ్లు అక్కరకొస్తాయి. అప్పటికీ వేడిగా ఉంటే డెవలపర్‌లో సగం నీళ్లు కలిపి పలచన చేస్తే కడిగే సమయం మరీ కురచ కాకుండా ఉంటుంది.

ఎక్కడ బయటికి తీయకూడదు?

బస్తర్‌లో కెమెరా మామూలు వస్తువు కాదు. 2018 అక్టోబర్ 30న దంతెవాడ జిల్లా నీలవాయ దగ్గర మావోయిస్టుల దాడిలో ఇద్దరు పోలీసులతో పాటు దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద్ సాహు చనిపోయారు. 2013 డిసెంబర్‌లో బాసగూడలో జర్నలిస్టు సాయిరెడ్డిని మావోయిస్టులు హత్య చేశారు. అంతకుముందు మావోయిస్టులతో సంబంధాలున్నాయని ఆయన్ను జైల్లో పెట్టింది ప్రభుత్వం. 2025 జనవరిలో బీజాపూర్ జర్నలిస్టు ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఇక్కడ ఎవరేం ఫోటో తీశారన్నది రెండు వైపులా గమనించిన నేల ఇది.

ఫిలిం కెమెరాకు ఇక్కడ ఒక ప్రత్యేక చిక్కుంది. డిజిటల్ కెమెరా అయితే తనిఖీలో తీసిన ఫోటోలు చూపించవచ్చు, వద్దంటే చెరిపేయవచ్చు. ఫిలింలో ఏముందో మీరూ చూపలేరు. అనుమానం వచ్చినవారు వెనక మూత తెరిస్తే రీలంతా తెల్లబోతుంది. అందుకే భద్రతా దళాల క్యాంపులు, వంతెనలు, చెక్‌పోస్టుల దరిదాపుల్లో కెమెరా డబ్బాలోనే ఉండాలి. మొదట సర్పంచినో ఊరి పెద్దనో కలవాలి. గుళ్లో, జాతరలో, గోటుల్ దగ్గర వద్దన్నారంటే వద్దన్నట్టే. బీజాపూర్, కోంటా వైపు దోర్లా ఊళ్లలో తెలుగు బాగానే నడుస్తుంది. మాట కలపడానికి మనవాళ్లకు దుబాసీ కూడా అక్కర్లేదు.

బస్తర్ ముఖాలు ప్రపంచమంతా తిరిగాయి. వెరియర్ ఎల్విన్ 1947లో గోటుల్ మీద రాసిన పుస్తకంలో మురియా యువతీ యువకుల ఫోటోలున్నాయి. పదేళ్లకు స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డోర్ఫ్ నారాయణపూర్ దగ్గర గఢ్‌బెంగాల్ కుర్రాడు చెంద్రును, అతని పులిపిల్లను పెట్టి సినిమా తీశారు. ఆస్ట్రిడ్ బెర్గ్‌మన్ సుక్స్‌డోర్ఫ్ తీసిన ఫోటోల పుస్తకం అనేక దేశాల పిల్లలు చదివారు. చెంద్రు స్వీడన్ కూడా వెళ్లివచ్చాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు తన ఊళ్లో పేదరికంలోనే బతికి, 2013లో జగదల్‌పూర్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఫోటోలు మంచివే. తీసినవారికి ప్రేమ లేదని కూడా ఎవరూ అనలేరు. కానీ ఫోటో ప్రపంచానికి వెళ్లింది, మనిషి ఉన్నచోటే ఉండిపోయాడు.

దీన్ని ఒక కెమెరా మార్చలేదు. రీలు కడిగించిన వారానికో నెలకో అదే సంతకు మళ్లీ వెళ్లి, ఫోటోలోని మనిషికి ఒక ప్రింటు చేతికివ్వడం మాత్రం ఎవరికైనా సాధ్యం. పోస్టుకార్డు సైజు ప్రింటుకు అయ్యే ఖర్చు రీలు ఖర్చు పక్కన లెక్కలోకి రాదు. ప్రతి రీలుకూ ప్రింట్ల డబ్బు, రెండోసారి బస్సు చార్జీ కలిపి ముందే లెక్కేసుకోండి. అది భరించలేమనిపిస్తే పాత కెమెరా కొనకండి, ఫోన్ చాలు. భరించగలమంటే రెండోసారి వెళ్లినప్పుడు తీసే ఫోటోలు మొదటివాటికంటే బాగుంటాయి. ఈసారి ఆవిడ కొంగు అడ్డం పెట్టుకోదు.