నీళ్లు ఎప్పుడు పోయాలి?

గోడౌన్ చూపించే ప్రతి యజమానీ ముందు తలెత్తి రేకుల కప్పు చూపిస్తాడు. నేను కిందికి చూస్తాను. మొన్న ఒక షెడ్డులో ఆరు నెలలైనా నిండని కాంక్రీటు నేల మీద చెప్పుతో రాస్తే బూడిదలా పొడి లేచింది. సిమెంటు తక్కువేశారేమోనని ఆ షెడ్డు యజమాని అనుమానం. నా అనుమానం నీళ్ల మీద. మిక్సర్ లారీ రాగానే మాలు జారుగా రావాలని పైపు పెట్టి నీళ్లు కలిపించే మేస్త్రీయే, పోసిన మర్నాడు తడపడానికి బద్ధకిస్తాడు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండాకాలంలోనో ఫ్లైయాష్ కలిపితేనో 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మన మే నెలలో గోనెపట్టా చూస్తుండగానే ఎండిపోతుంది. ఇక జాయింట్ల కోత. అది రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దామంటే కాంక్రీటు మన కోసం ఆగదు, తనకిష్టమైన చోట వంకరగా పగుల్తుంది. సరుకెత్తిన ఫోర్క్‌లిఫ్టు గట్టి చక్రం వచ్చిపోయే ప్రతిసారీ ఆ పగులు అంచునే కొట్టి పెచ్చులూడగొడుతుంది. “పైన ఎపాక్సీ పూయించేస్తే సరిపోతుందా?” అనడిగాడాయన. పొడి మీద పూత నిలవదండీ, ముందు ఆ పొరంతా గీకించాలి అన్నాను. ఆయన మళ్లీ రేకుల వైపు చూశాడు.