ప్రమాదం తరువాత ఇన్సూరెన్సు: తొందరపడి సంతకం చేయవద్దు

మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడి వచ్చినవారికి ఆసుపత్రిలో కట్టు కడతాము, రాడ్డు వేస్తాము, ఊతకర్రలతో నడిపించి ఇంటికి పంపుతాము. ఎముక అతుక్కుంటుంది. కాని ఆ మనిషి రెక్కల కష్టం మీద బ్రతికే కుటుంబం కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. బంగారం తాకట్టుకు పోతుంది, చీటీ నష్టానికి పాడుకోవలసి వస్తుంది, పిల్లల ఫీజు ఆగిపోతుంది. అటువంటి సమయంలో ఆదుకోవలసినది ఇన్సూరెన్సు. అది సరిగా అందక ఇబ్బంది పడిన కుటుంబాలను చూసిన మీదట, ఈ సంచికలో పాఠకులకు నాలుగు మాటలు చెప్పదలచాము.

"ఇన్సూరెన్సు కంపెనీవారు అన్యాయం చేశారు" అని అందరూ అంటారు. అటువంటివి జరగవని మేము అనము. అయితే చాలా క్లెయిములు కోర్టు మెట్లు ఎక్కకముందే, ప్రమాదం జరిగిన మొదటి వారంలోనే, ఆసుపత్రి మంచం దగ్గరే దెబ్బతింటున్నాయని మా అభిప్రాయం. కేజువాలిటీలో చెప్పిన తప్పు మాట వల్ల, దాచుకోని కాగితం వల్ల, తొందరపడి పెట్టిన సంతకం వల్ల దెబ్బతింటున్నాయి. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

మొదటి మాట నిజమే చెప్పండి

కేజువాలిటీలో డాక్టరుగారు "దెబ్బ ఎలా తగిలింది?" అని అడుగుతారు. "మెట్ల మీద నుంచి జారిపడ్డాడండి" అని బంధువులు చెబుతారు. ఎందుకు? పోలీసు కేసంటే భయం. బండి నడిపిన కుర్రవాడికి లైసెన్సు లేదేమోనన్న భయం. కొన్నిసార్లు గుద్దిన బండివారే వరండాలో నిలబడి, "కేసు వద్దండీ, ఖర్చంతా మేమే పెట్టుకుంటాము" అని బతిమాలుతారు. మొదటి రెండు బిల్లులు కట్టిన తరువాత వారు కనిపించరు. అప్పుడు కుటుంబంవారు వచ్చి, కేసు షీటులో మాట మార్చమని అడుగుతారు.

మార్చడానికి వీలులేదు. డాక్టరుగారు మొదటి గంటలో రాసిన మాటకు కోర్టులో చాలా విలువ ఉంటుంది. "మెట్ల మీద నుంచి పడ్డాడు" అని అందులో ఉంటే, కంపెనీ తరపు వకీలు ఆ ఒక్క కాగితాన్నే చూపించి క్లెయిము కొట్టివేయమని కోరతాడు. అందుచేత ఏ బండి, దాని నంబరు ఏమిటి, ఎక్కడ, ఎన్ని గంటలకు, నడిపింది ఎవరు, వెనుక కూర్చున్నది ఎవరు, ఇవన్నీ ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఆసుపత్రివారు ఎం.ఎల్.సి. రాసి పోలీసు స్టేషనుకు తెలియజేయడం రోగి మీద ఫిర్యాదు కాదు. ఆ సమాచారం వల్ల ఎఫ్.ఐ.ఆర్. అవుతుంది, వూండ్ సర్టిఫికెట్టు వస్తుంది. ఎముక విరిగితే చట్టం దానిని తీవ్ర గాయంగా లెక్కిస్తుంది. పరిహారం ఆ మాట మీద ఆధారపడి ఉంటుంది.

లైసెన్సు విషయంలో కూడ అనవసర భయాలున్నాయి. గుద్దిన బండి డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోయినా, ముందుగా బాధితునికి డబ్బు చెల్లించి, తరువాత ఆ బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కంపెనీని ఆదేశించే మార్గాన్ని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చూపించింది. బండి మీద ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో పరిహారం తగ్గించరాదని, ప్రమాదానికి ఆ ముగ్గురు ఎక్కడమే కారణమని రుజువు కావాలని 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో చెప్పింది. ముగ్గురు ఎక్కమని మేము చెప్పడం లేదు. భయపడి అబద్ధం చెప్పవద్దని చెబుతున్నాము.

ఇదే మాట ఇంకొక వైపు నుంచి కూడ చెప్పాలి. లైసెన్సు ఉన్న అన్నగారి పేరు రాయమని, తనంతట తాను పడిన మనిషిని ఫలానా బండి గుద్దినట్లు రాయమని అడిగేవారున్నారు. అటువంటి మాటకు మా దగ్గర చోటు లేదు. ఒక దొంగ క్లెయిము బయటపడితే, ఆ తరువాత వచ్చే పది నిజమైన క్లెయిములను కంపెనీవారు అనుమానంతోనే చూస్తారు. ఆ అనుమానానికి మూల్యం చెల్లించేది పేదవారే.

మీకు ఏ ఇన్సూరెన్సు వర్తిస్తుంది?

బండికి "ఇన్సూరెన్సు ఉంది" అంటే సరిపోదు. ఏమి ఉన్నదో తెలియాలి.

మొదటిది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ ఇది తప్పనిసరి. మీ బండి వల్ల ఎదుటివారికి కలిగిన నష్టానికి మీ కంపెనీ, వారి బండి వల్ల మీకు కలిగిన నష్టానికి వారి కంపెనీ చెల్లిస్తుంది. మీ అంతట మీరు జారిపడితే మీ బండి థర్డ్ పార్టీ పాలసీ నుంచి మీకు ఏమీ రాదు.

రెండవది వెనుక కూర్చున్నవారి సంగతి. భార్యను, పిల్లలను, తోటి పనివారిని వెనుక కూర్చోబెట్టుకునే మనవారు దీనిని తప్పక తెలుసుకోవాలి. మీ బండికి కేవలం థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, మీ పొరపాటు వల్ల వెనుక కూర్చున్నవారికి దెబ్బ తగిలినప్పుడు ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ప్యాకేజి పాలసీ ఉంటే వారికీ రక్షణ ఉంటుంది. ప్రీమియంలో మిగిలే కొద్ది డబ్బుకోసం ఈ రక్షణ వదులుకోవడం మంచిది కాదు.

మూడవది యజమానికి వ్యక్తిగత ప్రమాద బీమా. 2018 నుంచి ఇది 15 లక్షల రూపాయలు. బండి యజమాని లైసెన్సు కలిగి, తన బండి నడుపుతూ ప్రమాదంలో మరణిస్తే పూర్తి మొత్తం కుటుంబానికి రావాలి. ఒక కాలో, చెయ్యో, కన్నో కోల్పోతే సగం వస్తుంది. కేవలం ఎముక విరిగి అతుక్కుంటే రాదు. ఇంటి పెద్ద చనిపోయిన దుఃఖంలో ఈ పాలసీ సంగతి చాలామంది మరచిపోతారు. ఆ బండి కాగితాలు తీసి చూడమని ఇరుగుపొరుగువారైనా గుర్తుచేయాలి.

గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోతే కూడ దారి మూసుకుపోలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం, బండి జాడ తెలియని ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు రెవెన్యూ అధికారి ద్వారా దరఖాస్తు చేసుకుని పొందవచ్చును.

వైద్యం ఖర్చుకు ఇంకొక సదుపాయం వచ్చింది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నిర్దేశించిన ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. వైద్యం ఉచితంగా జరిగిందని పరిహారం హక్కు పోదు. పోయిన కూలికి, మిగిలిన అవిటితనానికి వేరే లెక్క ఉంది.

మంచం దగ్గర సంతకం

ఇక అసలు సంగతికి వస్తాము. రోగి ఇంకా లేచి కూర్చోకముందే కంపెనీ తరపున అని చెప్పి ఒకరు వార్డుకు వస్తారు. లేక గుద్దిన బండివారి పెద్దమనుషులు వస్తారు. "కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది, ఈ యాభై వేలు తీసుకుని ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. అప్పటికే మందుల షాపులో బాకీ ఉంటుంది. చేతికి వచ్చిన డబ్బు పెద్దదిగా కనిపిస్తుంది.

ఒక లెక్క చూడండి. 32 ఏళ్ల తాపీ మేస్త్రీ నెలకు 15 వేలు సంపాదిస్తున్నాడనుకుందాము. కాలు విరిగి అతుక్కున్నా, ఇక పరంజా ఎక్కలేడు. అతని సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ తేల్చిందనుకుందాము. సంవత్సర ఆదాయం 1,80,000. అందులో 30 శాతం 54,000. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించిన పట్టిక ప్రకారం ఆ వయసుకు దానిని 16తో హెచ్చించాలి. 8,64,000 రూపాయలు అవుతుంది. ఆసుపత్రి ఖర్చులు, పడిన బాధకు ఇచ్చేది, భవిష్యత్తులో పెరగవలసిన సంపాదన ఇందులో కలపనే లేదు. యాభై వేలకు సంతకం చేసినవాడు ఏమి వదులుకున్నాడో మీరే ఆలోచించండి.

చట్టం కూడ మంచం దగ్గర బేరాన్ని కోరుకోలేదు. 2019లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ప్రమాద సమాచారం అందిన తరువాత కంపెనీ ఒక అధికారిని నియమించి, 30 రోజులలోపు ఎంత ఇస్తారో వివరంగా తెలపాలి. బాధితుడు ఒప్పుకుంటే ఆ ఒప్పందాన్ని ట్రిబ్యునల్ నమోదు చేయాలి. ఆ తరువాత 30 రోజులలో డబ్బు చెల్లించాలి. ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది. అంటే ఒప్పందానికి చోటు న్యాయాధికారి ముందు, పగటి వెలుగులో.

తప్పు ఎవరిదని రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే సెక్షను 164 కూడ ఉంది. తొందర అవసరం ఉన్నవారికి అది మేలే. కాని దానిని స్వీకరిస్తే సెక్షను 166 కింద ఎక్కువ పరిహారానికి వేసిన పిటిషను నిలవదు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న తరువాతే ఒప్పుకోవాలి. లోక్ అదాలత్ రాజీకి కూడ ఇదే మాట. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు.

కంపెనీ విచారణాధికారి వస్తే కసరవద్దు. నిజం చెప్పండి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం, వేలిముద్ర వేయవద్దు. చదివి వినిపించమని అడగండి, నకలు అడిగి తీసుకోండి.

ఆసుపత్రుల బాధ్యత

ఇందులో వైద్యులకూ, ఆసుపత్రులకూ పాత్ర ఉంది. కేసు షీటు స్పష్టంగా రాయడం, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్-రే ఫిల్ములు, మందుల బిల్లులు, వూండ్ సర్టిఫికెట్టు తిప్పించుకోకుండా ఇవ్వడం దయ కాదు, బాధ్యత. అవిటితనం ధ్రువపత్రం మరీ ముఖ్యము. "కాలికి ఇంత శాతం" అని రాసి ఊరుకుంటే సరిపోదు. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు శరీరానికి కలిగిన లోపం వేరు, సంపాదన శక్తికి కలిగిన నష్టం వేరు అని వివరించింది. అదే గాయం గుమాస్తాకు ఒక రకం, వడ్రంగికి మరొక రకం. గొంతుకు కూర్చోగలడా, బరువు ఎత్తగలడా, నిచ్చెన ఎక్కగలడా అన్నవి డాక్టరు రాయాలి. పిలిచినప్పుడు కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పాలి. ఓ.పి. వదిలి వెళ్లడం కష్టమని మాకు తెలుసు. అయినా ఆ ఒక్క పూట ఆ కుటుంబానికి ఆపరేషనంత అవసరం.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

ఆసుపత్రి గేటు దగ్గర తిరిగే మధ్యవర్తులకు కాగితాలు అప్పగించవద్దు. వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వకీలుకు తగదని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి. వారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయం గలవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. పిటిషను ప్రమాదం జరిగిన చోటే వేయనక్కరలేదు. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లో కూడ వేయవచ్చును. ఆరు నెలలు దాటకుండా వేయడం క్షేమం.

మీ స్వంత పాలసీ క్లెయిమును కంపెనీ నిరాకరిస్తే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలరోజులలో సరైన జవాబు రాకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చును. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనివే. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. థర్డ్ పార్టీ పరిహారం మాత్రం ట్రిబ్యునల్ చూడవలసినదే.

చివరిగా పాఠకులకు మా విన్నపం. ఈ పత్రిక మడిచి పెట్టకముందే మీ బండి పాలసీ ఒకసారి తీసి చూడండి. గడువు ఎప్పటి వరకు ఉంది, అది ప్యాకేజీనా కాదా, యజమాని ప్రమాద బీమా ఉందా అని చూడండి. దాని నకలు ఒకటి ఇంట్లో రేషను కార్డు పక్కన పెట్టి, ఎక్కడ ఉందో ఇంట్లోవారికి చెప్పండి. బండి తీసేటప్పుడు హెల్మెటు పెట్టుకోండి, వెనుక కూర్చున్నవారికీ పెట్టండి. ఆ కాగితం అవసరం మీకు ఎన్నటికీ రాకూడదనే మా కోరిక.