ఎంత తీస్తే అంత

పోయిన నెలలో మూడు ఆదివారాలు వరసగా మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు రెండున్నరకు ముందు కాలేదు. మొదటి ఆదివారం మావారు ఏమీ అనలేదు. రెండో ఆదివారం, "ఇవాళ కూడా కారు కిందేనా నీ సాహిత్య వ్యాసంగం?" అన్నారు. మూడో ఆదివారం ఆయనే కుక్కరు పెట్టి, పప్పులో ఉప్పు వెయ్యటం మరిచిపోయి, వాకిట్లో కుర్చీ వేసుకుని మా కోసం ఎదురుచూస్తూ కూచున్నారు. ఇంతకీ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, మా కారు గేరుబాక్సులో ఆయిలు మార్చాను.

నవ్వకండి. తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా ప్రబంధాలు పాఠం చెప్పుకుంటున్న మనిషికి గేరుబాక్సుతో ఏం పని అని మీరు అడగబోతున్నారు. మా స్టాఫ్‌రూములోనూ అదే అడిగారు. పని వుంది కనకనే చేశాను.

2017లో బస్సు దిగుతూ జారిపడి ఎడమ మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది గాని, క్లచ్చి తొక్కితే ప్రాణం లేచొచ్చేది. మా కాలేజీ ముప్ఫై నాలుగు కిలోమీటర్ల దూరం. రెండేళ్ళపాటు కొన్నాళ్ళు మావారు, కొన్నాళ్ళు తోటి లెక్చరర్లు నన్ను మోసుకు తిరిగారు. 2019లో సెకండ్‌హాండులో ఒక ఆటోమేటిక్ కారు కొన్నాను. ఎడమకాలికి పనిలేని బండి అన్నమాట. అది వచ్చాక నేను ఎవరినీ "కాస్త దింపుతారా?" అని అడగలేదు. ఆ మాట అడగక్కర్లేకపోవటం ఎంత భాగ్యమో, రోజూ అడిగినవాళ్ళకే తెలుస్తుంది.

అటువంటి బండి ఈ ఎండాకాలంలో మొరాయించటం మొదలుపెట్టింది. రివర్సు పెడితే క్షణం ఆలోచించి, ఆనక వెనకనుంచి ఎవరో తన్నినట్టు కదిలేది. రోడ్డుమీద రెండో గేరునుంచి మూడోదానికి మారేటప్పుడు ఒక కుదుపు. ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. "గేరుబాక్సు పోయిందండీ, మార్చాల్సిందే" అన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చు నేను బండి కొన్న ఖరీదులో ఇంచుమించు సగం. "పోనీ, లోపల ఆయిలు మార్చి చూస్తారా?" అన్నాను. "అది జీవితాంతం వుండే ఆయిలు, మార్చనక్కర్లేదు" అన్నారు. జీవితాంతమంటే ఎవరి జీవితాంతం? ఆయిలుదా, గేరుబాక్సుదా, నాదా? వ్యాకరణం చెప్పేదాన్ని కనక ఆ షష్ఠీ విభక్తి దగ్గర ఆగిపోయాను. బండితో వచ్చిన పుస్తకం తీసి చూస్తే, కష్టమైన వాడకంలో ఆయిలు మార్చవలసిందేనని స్పష్టంగా వుంది. ఎండా, దుమ్మూ, అడుగడుగునా ఆగే ట్రాఫిక్కూ వున్న మన వాడకం కష్టమైనది కాకపోతే మరింకేది?

డల్లాసులో వున్న మా తమ్ముడికి ఫోను చేశాను. "అక్కా, ఇక్కడ ఇంటి ముందే మార్చుకుంటారు చాలామంది. నేనూ మార్చుకుంటాను. నువ్వు ముందు ఆయిలు మార్చి చూడు. నయమైతే సరే. కాకపోతే పోయేది ఆయిలు ఖర్చే" అన్నాడు. వాడికి ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా నాన్న బస్సుల వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. సెలవుల్లో తమ్ముణ్ణి వెంటబెట్టుకు వెళ్ళేవారు. నన్ను మాత్రం తీసుకువెళ్ళలేదు. ఇంటి దగ్గర స్కూటరు విప్పినప్పుడు పానాలు అందించటమే నా వంతు.

ఇప్పుడు నాన్నకు డెబ్భై ఐదు. మా దగ్గరే వుంటున్నారు. చెయ్యి వణుకుతుంది, కాఫీ గ్లాసు సగమే నింపి ఇస్తాం. సంగతి చెబితే ముందు ఒప్పుకోలేదు. "నా జన్మలో క్లచ్చి లేని బండి విప్పలేదు. తెలియని యంత్రంమీద చెయ్యి వెయ్యకూడదు" అన్నారు. "అయితే తెలుసుకుందాం" అన్నాను. రెండు రాత్రులు ఆ ఇంగ్లీషు పుస్తకం నేను చదువుతూ, తెలుగులో చెబుతూ, ఆయన వింటూ. టార్క్ కన్వర్టరుకు చక్కని తెలుగు మాట ఒకటి కల్పించబోతే, "పేరు సంగతి తర్వాత. అదేం చేస్తుందో చెప్పు" అన్నారు. నా విద్యార్థులు ఎవరూ నన్నింత సూటిగా అడగలేదు.

అదేం చేస్తుందంటే: రెండు టేబులు ఫానులను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటివ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు ఆయిలు, చుట్టూ గట్టి డబ్బా వుంటే అదే టార్క్ కన్వర్టరు. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే, ఆయిలు వేగంగా వెళ్ళి రెండో చక్రాన్ని తిప్పుతుంది. అందుకే బండి ఆగినా ఇంజను ఆగదు, ఎడమకాలితో పని వుండదు. ఆ పైన చీమలపుట్టలోలాంటి సన్నని దారుల్లో అదే ఆయిలు ఒత్తిడితో పరుగెత్తి, ఏ గేరు క్లచ్చి పట్టాలో దాన్ని పట్టిస్తుంది. అరగకుండా చూసేదీ అదే, వేడి మోసుకుపోయేదీ అదే. పళ్ళచక్రాల దగ్గర జారాలి, క్లచ్చి బిళ్ళల దగ్గర పట్టునివ్వాలి. ఇన్ని పనులు చేసేదాన్నే "దాని జోలికి వెళ్ళక్కర్లేదు" అన్నారు చూశారా! ఇంట్లో ఎక్కువ పని చేసేవాళ్ళ గురించి కూడా ఇలాగే అంటూంటారు.

జారుతూనే పట్టునివ్వటమనేది తేలికైన గుణం కాదు. 1939లో అమెరికాలో జనరల్ మోటార్సువారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబీలు కారుకు హైడ్రామాటిక్ అనే గేరుబాక్సు ప్రకటించినప్పటినుంచీ ఇంజనీర్లకు ఇదే తపన. ఆ గుణం కోసం 1970ల మొదటిదాకా అక్కడ ఈ ఆయిలులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారట. తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగలం అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఆ తిమింగలాన్ని కార్లు మింగాయని నాకప్పుడు తెలియదు. ఆ జంతువులకు చట్టం రక్షణ ఇచ్చాక ఆ నూనె ఆగిపోయింది. బదులు రసాయనాలు కనిపెట్టుకోవలసివచ్చింది.

మొదటి ఆదివారం. ముందు చక్రాలు ఎక్కించటానికి ఇనప ర్యాంపులు కొన్నాను. జాకీ వుండగా ఇదెందుకన్నారు మావారు. నాన్న ఆయనవైపు తిరిగి, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వర్క్‌షాపులో జాకీ జారి ఒక కుర్రాడు బస్సు కింద వుండిపోయిన సంగతి చెప్పారు. ఈ సంగతి ఇన్నేళ్ళలో మాకెవరికీ చెప్పలేదు. "జాకీ లేపటానికే, మోయటానికి కాదు" అన్నారు. నన్ను ఎందుకు వర్క్‌షాపుకు తీసుకువెళ్ళలేదో అప్పుడు కొంచెం అర్థమైనట్టనిపించింది. తమ్ముణ్ణి తీసుకువెళ్ళారు కదా అనిపించింది కూడా. రెండూ అడగలేదు.

పావుగంట బండి నడిపి ఆయిలు వేడెక్కించి, ర్యాంపులెక్కించి, హాండుబ్రేకు వేసి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి కిందికి దూరాను. రెండు బోల్టులు కనిపించాయి. నాకు నచ్చినదాన్ని వదులు చేశాను. నల్లని చుక్కలు పడ్డాయి. "రంగేమిటి?" అన్నారు పైనుంచి నాన్న. "నలుపు." "బిగించెయ్! అది ఇంజనుది." తమ్ముడు తర్వాత చెప్పాడు: ఇంజను ఆయిలు అనుకుని గేరుబాక్సు ఖాళీ చేసి, నిండుగా వున్న ఇంజనులో మళ్ళీ నాలుగు లీటర్లు పోసే మహానుభావులు అమెరికాలోనూ వున్నారట. ఈ ఆయిలుకు ఎర్రరంగు వేసేది ఇందుకే. ఎక్కడనుంచి కారుతున్నదో పోల్చుకోవటానికి. మరో గుణం ఆ రంగులో లేదు.

రెండో బోల్టు నుంచి వచ్చింది ఎరుపు కాదు, కషాయం రంగు. కొంచెం మాడు వాసన. బోల్టు చివర అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తని బూడిద పట్టివుంది. నాన్న దాన్ని వేళ్ళమధ్య నలిపి చూసి, "గరుకు లేదు, ముక్కలు లేవు. ఇది అరుగుదల, విరుగుదల కాదు" అన్నారు. ఆ మాటతో నాకు ఊపిరి వచ్చింది.

తీసినదాన్ని వెంటనే కొలవబోతే నాన్న ఆపారు. వేడి ఆయిలు పొంగి వుంటుంది, చల్లారితే తగ్గుతుంది. మూడు లీటర్లలో వంద మిల్లీలీటర్లకు పైగా తేడా వస్తుంది. కొత్తది చల్లగా పోస్తాం కనక తీసిందీ చల్లారాకే కొలవాలి. కాచిన నెయ్యి కొలిచే ఆడవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. చల్లారాక రెండు లీటర్ల తొమ్మిదివందలు తేలింది. సరిగ్గా అంతే కొత్తది. పుస్తకంలో రాసిన రకమే, వేరొకటి కాదు. డిప్‌స్టిక్కు గొట్టంలోంచి సన్నమూతి గరాటుతో పోశాను. "ఎంత తీస్తే అంత. తక్కువైతే పట్టదు, ఎక్కువైతే నురగకట్టి పట్టదు" అన్నారు నాన్న. డిప్‌స్టిక్కు తుడవటానికి పాత తువ్వాలు తెస్తే దాన్ని విసిరేశారు. ఒక్క పోగు లోపలికి పోతే ఆ చీమలదారుల్లో అడ్డుపడుతుందట. నా వాయిలు చీర ముక్క పనికివచ్చింది.

బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించటం దగ్గర వచ్చింది చిక్కు. గేరుబాక్సు పెట్టె అల్యూమినియం, ఎక్కువ బిగిస్తే మర పోతుంది. తమ్ముడు ఫోనులో లెక్క చెప్పాడు గాని, కొలత చూపే రెంచి మా దగ్గర లేదు. నాన్న వద్దంటున్నా వినకుండా చాప వేసుకుని పక్కన పడుకుని, పానామీద నా చేతిపైన తన చెయ్యి వేశారు. ఆ చెయ్యి వణుకుతూనే వుంది. బోల్టు కూచున్న క్షణాన మాత్రం, "చాలు" అన్నారు. ఆపాను. ఇవాళ్టిదాకా ఒక్క చుక్క కారలేదు.

మరి మూడు ఆదివారాలెందుకంటారా? మొత్తం ఆయిలు ఆరు లీటర్లు. అందులో ఇంచుమించు సగం టార్క్ కన్వర్టరులోనే వుండిపోతుంది, బోల్టు విప్పినా రాదు. మొదటిసారి మార్చి వారం తిరిగితే పాతదీ కొత్తదీ సగం సగం కలుస్తాయి. రెండోసారికి పాతది పావువంతు. మూడోసారికి ఎనిమిదింట ఒక వంతు. పాతదాన్ని ఒక్కసారిగా కడిగేస్తే అరిగిన క్లచ్చిలు జారుతాయని కొందరి భయం, అదేం లేదని కొందరి వాదం. మాది నిదానపు పద్ధతి కనక ఆ తగువు తీర్చవలసిన అవసరం మాకు రాలేదు.

ప్రతిసారీ ర్యాంపులు దింపి, బ్రేకు తొక్కిపట్టి, పీ నుంచి అన్ని గుర్తులమీదుగా లీవరు నెమ్మదిగా నడిపి, కొంత దూరం తిరిగివచ్చి, చదునైన చోట ఇంజను నడుస్తూండగానే డిప్‌స్టిక్కు చూశాం. మూడో ఆదివారం దిగిన ఆయిలు చూసి నాన్న, "ఇదిగో, ఇప్పుడు రంగు గుర్తుపట్టేలా వుంది" అన్నారు.

తొమ్మిది లీటర్ల పాత ఆయిలు డబ్బాల్లో మిగిలింది. ఒకప్పుడు చెదలు పట్టకుండా గుమ్మాలకు పూసేవాళ్ళం. మురుగుకాలవలో పోసేవాళ్ళూ వున్నారు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. పాత ఆయిలును శుద్ధికి పంపే గారేజీకి డబ్బాలతో సహా ఇచ్చివచ్చాను.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. కుదుపు పోయింది. రివర్సులో పొద్దున్నపూట ఇంకా అరక్షణం ఆలోచిస్తుంది. ఆయిలు మందే గాని అమృతం కాదు కదా. కొత్త గేరుబాక్సు మాటెత్తకుండా ఈ ఏడు గడిస్తే చాలు. ఆయిలు, వాషర్లు, ర్యాంపులు కలిపి పదివేలు కాలేదు.

ఇది చదివి రేపే పానా పట్టుకోకండి. ఆటోమేటిక్ అన్నవన్నీ ఒకటి కావు. కొన్నిటిలో వున్నది మామూలు గేరుబాక్సే, క్లచ్చి పని యంత్రం చేస్తుంది. కొన్నిటిలో బెల్టు, దాని ఆయిలే వేరు. ఇప్పటి చాలా కార్లకు డిప్‌స్టిక్కే వుండదు. ఆయిలు ఫలానా వేడిలో వుండగా, బండి చదునుగా వుండగా మట్టం చూడాలి. మీదే రకమో ముందు పుస్తకం విప్పి చూసుకోండి. మీరు చెయ్యకపోయినా, జీవితాంతమని ఎవరైనా అంటే ఎవరి జీవితాంతమో అడగండి.

మొన్న మావారి స్కూటరు బ్రేకు పట్టటం లేదన్నారు. నాన్న అరుగుమీద కూచుని నన్ను పిలిచారు. "అమ్మాయ్, పానాలపెట్టె తీసుకురా" అన్నారు. తీసుకువెళ్ళి అలవాటుగా పదో నంబరు పానా ఆయనకు అందించబోయాను. "నాకెందుకూ? నువ్వు విప్పు" అన్నారు.