ఓడించినవాని కన్నులతో

పోటీ తుపాకీ ఆటలలో ఆరితేరవలెనని ఉవ్విళ్లూరుచున్న యువకులతో మాటలాడినపుడెల్ల నాకు వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే: “ఇన్నేళ్లుగా ఆడుతున్నానండీ, ర్యాంకు మాత్రం కదలడం లేదు.” కారణమేమని అడిగినచో, ఒకడు తన మౌసు పాతదనియు, ఒకడు తన మానిటరు 144 హెర్ట్జులది కాదనియు, ఒకడు పింగు నిలకడగా లేదనియు, అందఱును ఏకకంఠముగా తమ జట్టులోని తక్కిన నలుగురికి ఆట రాదనియు చెప్పుదురు. ఈ కారణములలో అసత్యమేదియు లేకపోవచ్చును; కాని ఇవన్నియు తీరిన పిమ్మట సైతము ఆ ర్యాంకు ఉన్నచోటనే యుండుట పలువురి విషయమున చూచితిని గనుక, లోపము వేఱొక చోట కలదని నా దృఢవిశ్వాసము. శత్రువు కంటబడుటకు ముందే వాడెక్కడ కంటబడునో ఎఱిగియుండుటయే ఈ ఆటలలో నైపుణ్యము. ఆ ఎఱుక గంటలకొలది ఆడినంత మాత్రమున అబ్బదు. తాను ఓడిపోయిన తీరును తీరికగా కూర్చుండి పరిశీలించుకొనువానికే అబ్బును.

కౌంటర్-స్ట్రైక్‌నే ఉదాహరణముగా గ్రహింతము. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అను ఇరువురు యువకులు హాఫ్-లైఫ్ అను మఱియొక ఆటకు మార్పుగా దీనిని నిర్మించిరి. మఱుసటి యేడు వాల్వ్ సంస్థ దీనిని తనదిగా చేసికొని విడుదల చేసెను. 2012లో గ్లోబల్ అఫెన్సివ్ అనియు, 2023లో కౌంటర్-స్ట్రైక్ 2 అనియు రూపాంతరములు పొంది నేటికిని నిలిచియున్నది. ఇంటర్నెట్ సెంటర్లు గంట లెక్కన నడచిన కాలమున, ఇంజనీరింగు హాస్టళ్లలో ల్యాన్ తీగలు గదినుండి గదికి ప్రాకిన కాలమున, ఒక తరము తెలుగు యువకులు 1.6 అను పేర దీనినే ఆడి పెరిగిరి. 2020లో వచ్చిన వాలొరెంట్ సైతము చాలమట్టుకు ఈ బాటనే నడచినది. ఐదుగురికి ఐదుగురు, ఒక పక్షము బాంబు పెట్టవలెను, రెండవ పక్షము దానిని అడ్డగింపవలెను, చచ్చినవాడు సాధారణముగా ఆ రౌండు ముగియువఱకు లేవడు. ఈ చివరి నియమమే ఆటకంతటికి జీవగఱ్ఱ. తొందరపాటునకు శిక్ష తత్క్షణమే పడును. ఆ శిక్ష అనుభవించుచు, తక్కినవారి ఆటను చూచుచు, కొంతసేపు ఊరక కూర్చుండవలసి వచ్చును.

కన్ను చూచిన పిమ్మట వ్రేలు కదలుటకు మనుష్యునకు సెకనులో ఐదవ వంతు మొదలు నాల్గవ వంతు వఱకు పట్టును. అభ్యాసముచే ఈ వ్యవధి కొంత తగ్గవచ్చునే గాని సగము కానేరదు. కావున ఒకడు నిలకడగా గెలుచుచున్నాడన్నచో, వాడు కాలమును వేఱొక చోట మిగుల్చుకొనుచున్నాడన్నమాట. క్రొత్తవాడు నడచునపుడు తెర నడుమ గురిగుర్తుగా నున్న క్రాస్‌హెయిర్‌ను నేలపై పడవేసి నడచును. శత్రువు కనబడిన తరువాత దానిని పైకెత్తి, ప్రక్కకు జరిపి, తలను వెదకికొని, అపుడు మౌసు నొక్కును. ఆరితేరినవాడు దానిని ఎల్లప్పుడును మనిషి తల ఎత్తున, ఏ మూలనుండి తల వెలువడునో ఆ మూల అంచునకు ఇంచుక ఎడముగా నిలిపి నడచును. వానికి మిగిలిన పని నొక్కుట మాత్రమే. ఏకే-47 గుండు హెల్మెట్ ధరించినవానిని సైతము తలకు తగిలినచో ఒక్క దెబ్బతో కూల్చును. ఎదుటి పక్షమువారి ఎమ్4కు ఆ శక్తి లేదు. ఏకే పట్టినవాడు తల ఎత్తును మఱచి ఆడుట చేతిలోని వరమును నేలపాలు చేసికొనుటయే. మెట్లెక్కునపుడును, వాలు దిగునపుడును, శత్రువు పెట్టెపై నిలుచునపుడును ఆ ఎత్తు మాఱుచుండును. ప్రతి మ్యాపులోని ప్రతి మూలయందును అది ఎక్కడ నుండునో కంఠస్థము కావలెను.

గుర్తు సరిగా నిలిపినను, నడచుచు కాల్చినచో గుండు గుర్తున్న చోటికి పోదు. కాల్చుటకు ముందు ఆగవలెను. ఆగుట యనునది కూడ ఒక విద్య. కుడికి పోవుటకై డి మీటను నొక్కియున్నవాడు దానిని వదలినంతనే నిలువడు, కొంచెము జారును. వదలినదే తడవుగా ఎడమకు పోవు “ఏ” మీటను ఒక్క లిప్తకాలము తాకినచో అక్కడికక్కడే నిలుచును. ఆ నిలిచిన క్షణముననే గుండు వెడలవలెను. దీనిని కౌంటర్-స్ట్రేఫ్ అందురు. ఎడమచేతి రెండు వ్రేళ్లును, కుడిచేతి చూపుడువ్రేలును ఒక్క తాళమునకు కట్టుబడవలెను. తాళము ఏమాత్రము తప్పినను తుపాకీ మ్రోగును గాని శత్రువు పడడు. మృదంగము నేర్చువాడు పాఠమును మొదట విళంబకాలమున వాయించినట్లు, ఈ అభ్యాసమును ఎవ్వరును లేని మ్యాపులో, ఒక గోడ ముందర, మెల్లగా మొదలిడవలెను. గోడపై గుండ్ల మచ్చలు ఒక్కచోట పడినవా, చెదరినవా అని చూచుకొనిన చాలును, వేఱొక గురువుతో పని లేదు. ఆపక వరుసగా కాల్చు స్ప్రే సంగతియు ఇట్టిదే: ఏకేలోని ముప్పది గుండ్లు మొదట నిట్టనిలువుగా పైకెగసి, పిమ్మట అటునిటు ఊగును, మొదటి పది గుండ్లను లొంగదీసికొనినవాడు తక్కిన ఇరువదిని గుఱించి కొంతకాలము చింతింపనక్కఱలేదని నా అభిప్రాయము.

ఇక మూలల విషయము, ఇందు రేఖాగణితమున్నది. మూలకు అంటుకొని నిలిచినవాని భుజము వాని కంటికంటె ముందుగా వెలుపలికి వచ్చును. కనుక ఆ మూలకు దూరముగా వెనుకకు నిలిచినవాడే ఎదుటివానిని ముందుగా చూచును. 2001లో డేవ్ జాన్‌స్టన్ రూపొందించిన డస్ట్2 మ్యాపులో లాంగ్ అను దారికి రెండు తలుపులు కలవు. ఆ తలుపు చెక్కకు హత్తుకొని మెల్లమెల్లగా తొంగిచూచువాడు, తాను చాటున నున్నానని తలచుచుండగనే, దూరమున నున్నవానికి సగము దేహము చూపియుండును. దీనికి తోడు సర్వరు గుండ వార్త చేరుటకు కొన్ని మిల్లీసెకన్లు పట్టును గనుక, మూలనుండి చరచర వెలువడువాడు ఎదుటివానిని చూచిన తరువాత గాని, ఎదుటివాని తెరపై తాను కనబడడు. కదలక ఒకే మూలను కాచి కూర్చుండి, మరల మరల అక్కడనే చచ్చి, “ల్యాగ్” అని కేకవేయువాడు ఈ రెండు సంగతులను ఎఱుగనివాడు. వానికి ఎవరైన చెప్పినచో ఆ సాయంకాలమే వాని ఆట మాఱును.

గంటల లెక్క గుఱించి ఒక మాట. ఆండర్స్ ఎరిక్సన్ అను మనస్తత్త్వవేత్త సహచరులతో కలసి 1993లో ప్రకటించిన పరిశోధనలో బెర్లినులోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించెను. పదివేల గంటల సాధనతో ఎవడైనను ఆరితేరునన్న మాట దానినుండి పుట్టి లోకమంతట ప్రాకినది గాని, ఆయన నొక్కి చెప్పినది గంటలను కాదు, తన లోపమును గుర్తించి దానినే పట్టి సాధించు ఒక విధమైన అభ్యాసమును. ఆ ఉత్తమ విద్యార్థులు తక్కినవారికంటె ఎక్కువ నిద్రించుచుండిరి కూడ! తెల్లవాఱుజాము వఱకు ర్యాంకు మ్యాచిపై మ్యాచి ఆడి, ప్రతి ఓటమికి మఱింత కసితో మఱియొకటి మొదలిడు మన బాలురకు ఈ సంగతి చెప్పువారెవ్వరు? కోవాక్స్, ఎయిమ్ ల్యాబ్ వంటి గురి సాధనములు మంచివే. చేతిని మెత్తపఱచుటకు ఆటకు ముందు కొంతసేపు ఉపకరించును. కాని వానిలో స్కోరు పెరిగినంత మాత్రమున ఏ మూలను ఎట్లు దాటవలెనో తెలియదు. మౌసు సెన్సిటివిటీని వారమునకొకసారి మార్చుట అన్నిటికంటె చేటు. పేరుగన్న ఆటగాండ్రలో పెక్కుమంది దానిని తక్కువగా నుంచుకొని, మణికట్టుతోపాటు మోచేతిని కూడ కదలించి, ఏండ్ల తరబడి దానినే అంటిపెట్టుకొనియుందురు.

ఈ ఆటకు మైదానపు క్రీడలయందు లేని ఒక భాగ్యమున్నది. ముగిసిన మ్యాచి సమస్తము డెమోగా నిలిచియుండును. దానిని తెఱచి, ఏ రౌండునకైనను పోయి, పదుగురిలో ఎవని కన్నులతోనైనను చూడవచ్చును. క్రికెట్టు ఆడువాడు తన వికెట్టు పడుటను కెమెరా కంటితో చూడగలడే గాని, బంతి వేసినవాని కంటితో చూడలేడు. ఇక్కడ ఆ అవకాశము చేతికందియున్నది. అయినను మనవారిలో దానిని తెఱచువారు బహు స్వల్పము. వాలొరెంట్‌లో ఈ సౌకర్యము 2025లో గాని రాలేదు. ఇపుడు అందును కలదు. చేయవలసినది ఇది: ఓడిన మ్యాచిలో తాను చచ్చిన ప్రతి రౌండునకు పోయి, మొదట తన కంటితోను, పిమ్మట తన్ను చంపినవాని కంటితోను చూడవలెను. వాని తెరపై తన భుజము ఎంతసేపు కనబడినది? తన అడుగుల చప్పుడు వానికి ఎప్పుడు వినబడినది? వాని క్రాస్‌హెయిర్ తాను రాకముందే ఆ చోట నిలిచియున్నదా? ఈ మూడవ ప్రశ్నకు అవునని సమాధానము వచ్చినపుడెల్ల గ్రహింపవలసినది ఒక్కటే: వాడు నా రాకను ఊహించెను, ఏలయన నేను వెనుకటి రౌండునను అదే దారిని వచ్చితిని. “వాని గురి అద్భుతము” అని మనము ఆశ్చర్యపడిన చావులలో అనేకములు ఈ జాతివే. ఒక మ్యాచినుండి ఒక్క లోపమును ఏఱి, మఱుసటి దినమున ఆ ఒక్కదానినే మనసున నిలిపి ఆడువాడు, గెలిచినను ఓడినను, ముందుకు నడచుచున్నవాడే.

జట్టుతో మాటలాడు తీరు ఈ అభ్యాసమునకు మఱియొక కొస. చచ్చినవాడు మైకులో “అబ్బా, ఎలా కొట్టాడ్రా!” అనుట సహజమే, కాని అందువలన బ్రతికియున్న నలుగురకు ఏమియు తెలియదు. “లాంగ్‌లో ఇద్దరు, ఒకడికి ఏడబ్ల్యూపీ స్నైపర్, ఇంకొకడికి హెల్త్ ఇరవై” అన్నచో, చచ్చినవాడు సైతము ఆ రౌండున ఇంకను ఆడుచున్నట్లే. ముంబయి సర్వరులో భాష తెలియని నలుగురితో కూడినపుడు ఈ నాలుగు ముక్కలను హిందీలోనో ఆంగ్లములోనో చెప్పగలుగుటయు గురితో సమానముగా నేర్వవలసినదే. డబ్బు లెక్కయు అట్టిదే: 800 డాలర్లతో మొదలగు ఈ ఆటలో 2700 పెట్టి ఏకే కొనుట ఏ రౌండున ఉచితమో ఐదుగురును కలసి నిశ్చయింపవలెను.

ఇదంతయు లేబ్రాయపు చేతుల చలువ యనువారు 2024 ఫిబ్రవరిలో కటొవిత్సెలో జరిగిన కౌంటర్-స్ట్రైక్ పోటీని చూపుదురు. అందు పదునేడేండ్ల డాంక్ అను రష్యా బాలుడు ఉత్తమ క్రీడాకారుడుగా నిలిచి లోకమును నివ్వెఱపఱచెను. అది నిజమే. కాని అంతకు రెండేండ్ల క్రితము యాంట్వెర్ప్‌లో ప్రపంచ స్థాయి మేజర్‌ను ఫేజ్ జట్టు గెలుచుకొనినపుడు దానికి నాయకుడు ముప్పదిరెండేండ్ల డెన్మార్కువాడు ఫిన్ ఆండర్సన్. క్యారిగన్ అన్న పేరుతో ఆడు ఆయన గురికంటె ఎదుటి జట్టు మనసు చదువుటకే ప్రసిద్ధుడు. ఆ ఇద్దఱిలో ఎవరిని ఆదర్శముగా తీసికొందురని మన యువకులను అడిగినచో అందఱును మొదటివానినే చూపుదురు. నేనైతే రెండవవానిని చూపుదును, ఏలయన ఆయన విద్య మనలో ఎవరికైనను అభ్యాససాధ్యము.

మన జిల్లాలలో పెక్కుమంది ఆడునది కంప్యూటరుపై కాదు, ఫోనుపై బీజీఎమ్ఐ అను తుపాకీ ఆట. అక్కడ మీటలకు బదులు నాలుగు వ్రేళ్లును, మౌసునకు బదులు ఫోనును ఇంచుక వంచిన గురి జరుపు గైరోస్కోపును పని చేయును. తల ఎత్తు, మూల, ఓర్పు మాత్రము మాఱవు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించినది. క్రీడయన్న పేరు వచ్చిన పిమ్మట శిక్షణ కూడ రావలెను. మన ఇంజనీరింగు కళాశాలల ఉత్సవములలో ఈ ఆటల పోటీలు జరుగుచునే యున్నవి. గెలిచినవారికి బహుమతి ఇచ్చి దీపములార్పి పోవుటతో సరి. డెమో దొరకు ఆటలలోనైన, అంత్యపోటీ ముగిసిన మఱునాడు అదే సభాశాలలో, అదే తెరపై, ఆ డెమోను తెఱచి, ఓడిన జట్టును గెలిచిన జట్టును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టవలెను. ఓడినవాడు కావలసినచోట ఆపి, “ఇక్కడ నేను వస్తానని నీకెలా తెలిసింది?” అని అడుగవలెను, గెలిచినవాడు జూనియర్లందఱు వినుచుండగా సమాధానము చెప్పవలెను. దీనికి క్రొత్తగా వ్యయమేమియు లేదు; ప్రొజెక్టరు ఉన్నది, డెమో ఉన్నది, ఒక పూట కావలెను. ఈ యేటి ఉత్సవమునకు కార్యక్రమపత్రము సిద్ధపఱచుచున్న విద్యార్థి సంఘములు ఈ పూటను అందు చేర్చవలెనని నా మనవి.

— పరిశీలకుడు