ఫోన్ రిపేరుకి ఆగుతుంది, పురుగు ఆగదు

ఈసారి మేత గురించో రోగం గురించో కాదు, ఫోన్ గురించి రాస్తున్నాను. ఫోన్‌కీ పురుగుకీ ఏం సంబంధం అనుకోకండి. పోయిన పంటకి ఆ సంబంధం నాకు బాగా తెలిసొచ్చింది.

200 గుడ్లు మేపుతున్నాను. నాలుగో జ్వరం నుంచి పురుగులు లేచిన రోజు. పొద్దున్నే షెడ్డు గుమ్మం దగ్గర వంగాను. చొక్కా జేబులోని ఫోన్ జారి బ్లీచింగ్ నీళ్ళ బకెట్‌లో పడింది. తీసి తుడిచి, పనిచేస్తుందా లేదా అని ఛార్జింగ్ పెట్టాను. అదే నేను చేసిన మొదటి తప్పు. తడిసిన ఫోన్‌ని వెంటనే ఆపెయ్యాలి, ఛార్జింగ్ పెట్టకూడదు. బియ్యంలో పెడితే బాగవుతుందనేది కూడా వట్టి మాటే. ఆ పిండి ఛార్జింగ్ రంధ్రంలోకి పోయి ఇంకో రిపేరు తగులుతుంది.

సింధనూరు తీసుకెళ్ళాను. కంపెనీ సర్వీస్ వాళ్ళు బోర్డు మార్చాలి, 5,200 అవుతుంది, లోపల ఉన్నదంతా పోతుంది అన్నారు. బజారులో రిపేరు చేసే అబ్బాయి 1,900కి చేస్తాను, పార్టు బెంగళూరు నుంచి బస్సులో రావాలి, రెండు రోజులు అన్నాడు. ఇచ్చేసి వచ్చాను. రెండు రోజులు కాస్తా ఎనిమిది రోజులు అయ్యింది.

ఐదో దశ అంటే మీకు తెలియంది కాదు. పురుగు జన్మలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళ పైనే ఆ ఏడెనిమిది రోజుల్లో తింటుంది. మనం భోజనం మానుకుని మేపుతాం. ఫోన్ లేకపోతే ఏం, చేతులు ఖాళీగా ఉన్నాయి అనుకున్నాను. సిమ్ తీసి పాత కీప్యాడ్ ఫోన్‌లో వేసుకున్నాను. కాల్స్ వస్తున్నాయి, నిశ్చింతగా ఉన్నాను.

మూడో రోజు పొద్దున మేత వేసిన రెండు గంటలకి మా ఇంటామె కేకేసింది. ఒక పడక మీద పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, నోటి నుంచి పచ్చటి నీరు కక్కుతున్నాయి. ఫ్లాచరీ అనుకుని భయపడ్డాను. ఇలాఖాలో తెలిసిన సారుకి ఫోన్ చేస్తే ఫోటో పెట్టు అన్నారు. ఎక్కడి ఫోటో? నోటితోనే చెప్పాను. సారు అడిగిన మొదటి మాట: "పక్కన ఎవరైనా మందు కొట్టారా?"

పరుగెత్తి వెళ్ళి చూస్తే పడమటి గట్టు పక్క వరి చేలో మందు వాసన ఇంకా పోలేదు. ఆ పొద్దున మేము కోసింది ఆ గట్టు వారనున్న ఆకే. వెంటనే ఆ కొమ్మలన్నీ తీసి పారేసి, తూర్పు వైపు ఆకు కోసి వేసాం. కొన్ని తేరుకున్నాయి. చాలావరకు తేరుకోలేదు. 140 కేజీలు వస్తాయనుకున్న చోట 96 కేజీల గూళ్ళు వచ్చాయి. నాకు పలికిన ధరకి లెక్కేస్తే 20 వేల పైన పోయింది.

ఇక అసలు సంగతి. ఆ రోజే పక్క పొలం అన్నని గట్టు మీద నిలబెట్టి నానా మాటలు అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఒకే కాలువ నీళ్ళు తాగుతున్నాం, చెప్పకుండా మందు కొడతావా అన్నాను. ఆయన "గ్రూపులో పెట్టాను కదా తమ్ముడూ" అన్నాడు. నేను నమ్మలేదు. మా రెండిళ్ళకీ మాటలు ఆగిపోయాయి.

ఎనిమిదో రోజున ఫోన్ వచ్చింది. అప్పటికి పురుగులు చంద్రికలెక్కి గూళ్ళు కడుతున్నాయి. ఆన్ చెయ్యగానే మెసేజ్‌లన్నీ దబదబా పడ్డాయి. వాటిలో ఆయనది ఉంది, ముందు రోజు సాయంత్రం పెట్టింది. "రేపు తెల్లారి వరికి మందు కొడుతున్నాను. మల్బరీ ఉన్నవాళ్ళు ఆ గట్టు వైపు ఆకు కోయొద్దు." ఇంతకన్నా ఎవరైనా ఏం చెప్తారు? ఆ సాయంత్రమే వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. పెద్దమనసు ఆయనది, టీ ఇచ్చి పంపాడు. కానీ అన్న మాట వెనక్కి రాదు కదా.

ఇది జరిగాక నేను బాగా ఆలోచించాను. తప్పు ఆయనది కాదు. ఫోన్ పాడవడమూ కాదు, వస్తువన్నాక పాడవుతుంది. ఇంటికంతటికీ కబురు వచ్చే దారి ఒక్కటే పెట్టుకోవడం, అదీ నా చొక్కా జేబులో పెట్టుకోవడం తప్పు.

మా ఇంటామె దగ్గర కూడా స్మార్ట్ ఫోన్ ఉంది. కరోనా టైములో పాప క్లాసుల కోసం కొన్నదే, ఇప్పటికీ బాగా నడుస్తోంది. కానీ ఆమె నంబరు ఏ గ్రూపులోనూ లేదు. మన గ్రూపులు తెరిచి చూడండి, ఎంతమంది ఆడవాళ్ళ నంబర్లు ఉన్నాయో. ఆకు కోసేది వాళ్ళు, మేత వేసేది వాళ్ళు, పురుగు తల ఊపితే ముందు చూసేది వాళ్ళు. కబురు మాత్రం మనకే వస్తుంది, మనం టీ కొట్టు దగ్గర చదువుతాం. ఇంటికి రెండు నంబర్లు ఉండాలి, రెండోది షెడ్డులో పనిచేసే ఆడమనిషిది కావాలి అన్నది నా మాట. మర్యాద కోసం చెప్పట్లేదు, పంట కోసం చెప్తున్నాను.

"గ్రూపులో ఆడవాళ్ళు ఎందుకు, ఏవేవో వీడియోలు వస్తాయి" అని ఒక అన్న అన్నాడు. అలాంటి వీడియోలు ఆపాలి గానీ ఆడవాళ్ళని కాదు. ఇంకో దారి కూడా ఉంది. మన వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. దాంతో ఇంట్లో ఇంకో ఫోన్‌ని ముందే కలిపి పెట్టుకుంటే, మన ఫోన్ ఆగినా 14 రోజుల దాకా అందులో మెసేజ్‌లు వస్తాయి. ఫోన్ పాడయ్యాక కలపడం కుదరదు, ఇప్పుడే చెయ్యాలి.

రెండో మాట. చాకీ తెచ్చిన తేదీ, ఏ రోజు ఏ జ్వరం, చాకీ సెంటర్, ఇలాఖా సారు, వ్యాన్ డ్రైవర్ నంబర్లు అన్నీ షెడ్డు గోడ మీద ఒక కాగితం మీద రాసి అంటించండి. నాకు వ్యాన్ నంబరు కోసం అరపూట తిరగాల్సి వచ్చింది. రామనగరం వెళ్ళినప్పుడు మాత్రం కీప్యాడ్ ఫోనే సరిపోయింది, డబ్బు పడ్డ మెసేజ్ దానికే వచ్చింది. బ్యాంకులో నంబరు నమోదై ఉంటే *99# కొట్టి నెట్ లేకుండా డబ్బు పంపొచ్చు కూడా.

మూడోది, మందు కొట్టే కబురు మెసేజ్‌తో వదిలెయ్యకండి. ఒక్క కాల్ చెయ్యండి. ఇప్పుడు మా పక్క అన్న గట్టు మీద ఎర్ర గుడ్డ కూడా కడుతున్నాడు. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు. అనుమానం ఉంటే ఆ ఆకు ముందు పది పురుగులకి వేసి చూసి, తర్వాతే మిగతా వాటికి వెయ్యండి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. ఏ పార్టు, ఎంత, ఎప్పుడు అని చీటీ రాయించుకోండి. యూపీఐ పిన్ ఎవ్వరికీ చెప్పొద్దు.

కంపెనీలకీ ఒక మాట. కొత్త ఫోన్లు అమ్మే కొట్లు మా దగ్గర వీధికి నాలుగు ఉన్నాయి, పార్టు మాత్రం బెంగళూరు నుంచి రావాలా? 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ అని ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లతో పాటు వ్యవసాయ పనిముట్లు కూడా అందులో ఉన్నాయి. మంచిదే, కానీ ఆ హక్కు తాలూకా దాకా పార్టు రూపంలో రావాలి. మోసపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇది చదివాక ఒక్క పని చెయ్యండి. ఈ ఫోన్ ఇంట్లో ఆవిడ చేతికిచ్చి, ఆవిడ నంబరు మన గ్రూపులో పెట్టించండి. నేను మా ఇంటామెది పెట్టించాను. నిన్న మందు కబురు నాకన్నా ముందు ఆమే చూసింది.