చిలకా లెక్కలు జాలరికి తెలియవలదా?

సంపాదకులవారికి,

అయ్యా,

చిలకా సరస్సులో ఏటేటా శీతకాలమున పక్షులను, డాల్ఫిన్లను లెక్కించు సంగతి పత్రికలలో చూచుచున్నాము. బీదవానికి కూడు లేనప్పుడు పిట్టల లెక్కకు డబ్బేలయని మా బరంపురములో కొందరు పెద్దలు అనుచున్నారు. ఈ మాట సరికాదని నా మనవి.

ఆ సరస్సు కథయే ఇందుకు సాక్ష్యము. సముద్రపు మొగ ఇసుకతో పూడిపోగా ఉప్పునీటి రాక తగ్గినది, మంచినీటి కలుపు మొక్కలు పెరిగినవి. 1980 దశకము నడుమ ఏటా ఎనిమిదివేల టన్నులకు పైబడియుండిన చేపల రాబడి 1995-96 నాటికి సుమారు 1,300 టన్నులకు దిగజారినది. 1993లోనే రామ్‌సార్ ఒడంబడికవారు దీనిని చెడిపోవుచున్న చిత్తడినేలల పట్టికలో చేర్చియుండిరి.

అప్పుడు తోచినచోట త్రవ్వలేదు. పూనాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రము, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధించిన మీదటనే 2000 సెప్టెంబరులో క్రొత్త మొగ తెరచిరి. 2001-02లో చేపల రాబడి దాదాపు 12,000 టన్నులైనది. 2002లో చిలకా పేరు ఆ పట్టికనుండి తొలగినది. కొలత లేనిదే ఈ మేలు లేదు.

అయితే పని అంతటితో తీరలేదు. ఇసుక ఆగదు, మొగలు మారుచుండును. చేపలు, రొయ్యలు, వాటిపై బ్రతుకు పిట్టలు అన్నియు ఆ నీటినే నమ్ముకొన్నవి. కావున లెక్క ఏటేటా సాగవలెను. ఉద్యోగకాలమంతయు రిజిస్టర్లు వ్రాసినవాడను. నడుమ పుటలు ఖాళీగా ఉన్న రిజిస్టరు ఎవరికిని కొరగాదు.

మరియొక విన్నపము. ఒరియావారు నోలియాలని పిలుచు మన తెలుగు జాలరులును, తక్కిన జాలరులును వలలో ఏ చేప తగ్గెనో, ఎచ్చట నీరు చప్పబడెనో అందరికంటె ముందు ఎరుగుదురు. వారి మాటను కూడ లెక్కలో వ్రాసికొనవలెను. నెలనెలా వచ్చు చేపల రాబడి, నీటి ఉప్పదనము అంకెలను చేపలు దించు ప్రతి రేవులోను ఒరియాలోను, తెలుగువారున్నచోట తెలుగులోను బోర్డుపై వ్రాయించవలెను. చిన్న కన్నుల వల మానుమని అంకెలు చూపి చెప్పిన జాలరి వినును. లాఠీ చూపి చెప్పిన, రాత్రివేళ వేయును.

చిలకా అభివృద్ధి సంస్థవారికి ఇది పెద్ద ఖర్చు కాదు. పిట్టలెన్ని వచ్చెనో పత్రిక చదువువానికి తెలిసి, నీరెట్లు మారెనో వల వేయువానికి తెలియకున్న, ఆ లెక్కవలన సగము మేలే కలుగును.

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
బరంపురం, గంజాం జిల్లా